రోలు సంగతి

జూన్ 3
ఇల్లమ్మకం కథ మళ్ళీ బయటికి తీశాను. చెల్లెలి చేత ఇలా అనిపించాను: "అన్నయ్యా, నాన్న కట్టిన ఇల్లు అమ్మేస్తుంటే నా గుండె తరుక్కుపోతోంది." చదువుకుంటే నాకే సిగ్గేసింది. మనసులో మాట అంత సాఫీగా చెప్పేవాళ్ళు మా వంశంలో లేరు. అమ్మకి కోపమొస్తే వంటింట్లో గిన్నెల చప్పుడు పెరిగేది. నాన్న పక్క గదిలోనే ఉన్నా నన్ను పిలిచి, "మీ నాన్నగారితో చెప్పు, అన్నం చల్లారిపోతోందని" అనేది. ఆయనకి వినపడేది. అయినా నేను వెళ్ళి చెప్పేదాకా లేచేవాడు కాదు.

జూన్ 5
బస్సులో ముందు సీటావిడ ఫోను. "ఏం లేదు, ఊరికే చేశా." వాన గురించి కాసేపు, పచ్చడి మామిడికాయల ధర గురించి కాసేపు. "సరే, పెట్టేస్తున్నా" అని రెండుసార్లంది, పెట్టలేదు. చివరికి, "ఆయన ఊళ్ళోనే ఉన్నాడా?" నేనైతే కథ ఆ ప్రశ్నతోనే మొదలెట్టి చెడగొట్టేవాణ్ణి.

జూన్ 8
చెఖోవ్ 'చెర్రీ తోట' (1904), చివరి అంకం. లోపాహిన్ వార్యాని పెళ్ళాడతానంటాడని ఇంట్లో అందరి ఆశ. ఇద్దరినీ గదిలో వదిలారు. ఆమె సామాన్లలో ఏదో వెతుకుతుంది. అతను బయట చలి సున్నాకి మూడు డిగ్రీలు కిందికి పోయిందంటాడు. తమ థర్మామీటరు పగిలిపోయిందంటుంది ఆమె. ఎవరో పిలవగానే అతను ఉడాయిస్తాడు. ఆమె నేలమీద కూలబడి, మూటమీద తల ఆన్చి ఏడుస్తుంది. పెళ్ళి మాట ఇద్దరి నోటా రాలేదు.

అయితే పాత్రల చేత వాతావరణం మాట్లాడిస్తే సరిపోదు. అంతకు ముందు నుంచీ ఆ పెళ్ళి ఊసు ఇంట్లో నలిగింది కాబట్టే థర్మామీటరు గుచ్చుకుంటుంది. మొదటి పేజీలోనే పగలగొడితే అది వట్టి పగిలిన థర్మామీటరు.

జూన్ 9
అంత దూరం పోవడమెందుకు? 'కన్యాశుల్కం' 1909 కూర్పు బీరువాలోనే ఉంది. కొడుకు వెంకటేశం ఇంగ్లీషు మాట్లాడితే వినాలని వెంకమ్మ ముచ్చట. వాడి గురువు గిరీశమూ, వాడూ బళ్ళో బట్టీపట్టిన పద్యాల, పాఠాల ముక్కలు ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు. మాటకీ మాటకీ పొంతన లేదు. తల్లి మురిసిపోయింది, గిరీశం పని నెరవేరింది.

జూన్ 12
తిరగరాశాను. అన్న టేపు పట్టి పెరడు కొలుస్తున్నాడు.

"ఆ రోలు పెకిలిస్తే గచ్చు పాడవదూ?"
"సిమెంటు పోయిస్తాలే."
"పోనీ వదినగారికి పనికొస్తుందేమో."
"మిక్సీ ఉందిగా."

ఎప్పుడూ 'వదినా' అని నోరారా పిలిచే మనిషి ఇవాళ 'గారు' తగిలించింది. నేను అనుకుని రాసింది కాదు, కలం జారి పడింది. ఉంచేశాను.

జూన్ 13
రాత్రి మా ఆవిడ రాతప్రతి చదివింది. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. పొద్దున కాఫీ ఇస్తూ, "మీ చెల్లెలికి ఫోన్ చేసి ఎన్నాళ్ళయింది?" అంది.