ద్వైతం, అద్వైతం, కుక్కపిల్ల భోజనం

లోకంలో శైవ వైష్ణవ వివాదాలు చల్లారి చాలాకాలమైంది గానీ, కుక్కపిల్లకు ఏం పెట్టాలన్న వివాదం మాత్రం నానాటికీ ముదిరి పాకాన పడుతోంది. కుక్క తోడేలు సంతతి గనుక పచ్చిమాంసమే దానికి ప్రకృతి విధించిన ఆహారమని ఒక పక్షం. సంచీలో వచ్చే పొడి గుళికలు తప్ప మరేదీ ముట్టనివ్వరాదని రెండో పక్షం. (తయారుచేసే కంపెనీ ఏదైనా సరే, మనవాళ్ళు చాలామంది ఆ గుళికలను 'పెడిగ్రీ' అనే అంటారు, కాగితం నకలు ఏ యంత్రంలో తీసినా 'జిరాక్సు' అయినట్టు.) ఈ రెంటికీ నడుమ, పొద్దున గుళికలూ సాయంత్రం పచ్చి కోడిమాంసమూ పెట్టే మధ్యేమార్గులున్నారు. వీరిని విశిష్టాద్వైతులనుకుందాం. మా ఇంట్లో వీటన్నిటికీ అతీతమైన నాలుగో సిద్ధాంతం ఒకటుంది. అది పెరుగన్నం. దాని ప్రవక్త మా అమ్మ.

నేనీ వాదాల్లోకి దిగవలసి రావడానికి కారణం మూడు నెలల వయసూ, నాలుగు కిలోల బరువూ గల ఒక ఊరకుక్క పిల్ల. పేరు సరమ. ఋగ్వేదంలో దొంగిలించబడిన గోవుల జాడ తీసిన దేవశునకం పేరది. అమ్మ నోట మొదటిరోజే సరమ్మ అయింది.

ముందుగా పూర్వపక్షం. పచ్చిమాంసవాదానికి ఈ కాలపు ఆచార్యుడు ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్. 1993లో ఆయన రాసిన పుస్తకంతో ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. మాంసం, ఎముకలు, కార్జం, కాసిని కూరగాయలు - అన్నీ పచ్చివే. ఆయన మాటల్లో కొట్టిపారేయలేని సంగతి ఒకటుంది. గుళికలు కుక్కకు అనాదిగా వస్తున్న ఆహారమేమీ కాదు. జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ లండనులో కుక్కల బిస్కట్లు అమ్మడం మొదలుపెట్టింది 1860లలో. పిండిని వేడితో, ఒత్తిడితో యంత్రంలోంచి నెట్టి ఉబ్బించే నేటి గుళికలు అంగడికి వచ్చింది 1957లో. అంతకు ముందు వేలాది ఏళ్ళపాటు కుక్కలు ఏదో ఒకటి తినే బతికాయి గదా!

బతికాయి, నిజమే. అయితే తిన్నది తోడేలు భోజనం కాదు. 2013లో 'నేచర్' పత్రికలో స్వీడన్ శాస్త్రజ్ఞుల బృందం ఒక పరిశోధన ప్రకటించింది. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైము తాలూకు జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే, కుక్కలో నాలుగు నుంచి ముప్ఫై దాకా ఉన్నాయి. అంటే మనిషి పొయ్యి దగ్గర చేరి, వాడు పారేసిన గంజీ మెతుకులూ తింటూ కుక్క తన కడుపునే మార్చుకుందన్నమాట. మన దేశపు వీధికుక్కల మీద ఏళ్ళ తరబడి పనిచేసిన అనిందితా భద్ర బృందం 2014లో మరో చిత్రమైన సంగతి చెప్పింది: మాంసం మీద మక్కువ కుక్కలకు పుట్టుకతో రాదు, పెరిగే క్రమంలో అబ్బుతుంది. కాబట్టి 'తోడేలు సంతతి' అనే ఒక్క హేతువు మీద సిద్ధాంతం నిలవదు.

ఇది విని అమ్మ విజయగర్వంతో, "నే చెప్పలా? మా ఊళ్ళో కుక్కలన్నీ పెరుగన్నం తినే పెరిగాయిరా," అంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ వాదానికీ ఒక లోపముంది. మనం చూసినవి పెరిగి పెద్దయిన కుక్కలను. పెరగకుండా పోయిన పిల్లల లెక్క ఎవరూ రాయలేదు. పైగా ఆ కుక్కలు మన అరుగు మీద పెరుగన్నం తిని, ఆ తరువాత పొలంలో ఎలుకనూ, పెంటకుప్ప మీద ఎముకనూ, ఇంకా మనం పైకి చెప్పుకోని అనేకాన్నీ తినేవి. ఫలహారం మనది, భోజనం వాటిది. నాలుగు గోడల మధ్య పెరిగే సరమకు ఆ రెండో విస్తరి లేదు. మనం పెట్టిందే తింటుంది, పెట్టనిది దొరకదు. భయమంతా అక్కడే.

ఇక అసలు చిక్కు ఎముకలది. పెద్ద కుక్కకు ఆహారంలో కాస్త హెచ్చుతగ్గులున్నా శరీరం సర్దుకుంటుంది. పెరిగే పిల్లకు ఆ వెసులుబాటు తక్కువ. దాని ఆహారంలో కాల్షియం ఎంత ఉండాలన్నది ఒక లెక్క అయితే, ఫాస్ఫరసుతో పోలిస్తే ఎంత ఉండాలన్నది అంతకన్నా పెద్ద లెక్క. ఒకటికి ఒకటి కంటె తగ్గరాదు, ఒకటికి రెండు కంటె మించరాదు. ఎముక తీసిన కోడిమాంసంలో ఈ నిష్పత్తి పూర్తిగా తలకిందులు: వంద గ్రాములకు కాల్షియం పది మిల్లీగ్రాముల చిల్లర, ఫాస్ఫరసు రెండు వందల దాకా. రక్తంలో కాల్షియం తగ్గినప్పుడల్లా శరీరం దాన్ని ఎముకల్లోంచి తోడుకుంటుంది. అప్పు తీర్చడానికి ఇంటి దూలాలు అమ్ముకోవడం వంటిది. పైకి పిల్ల బొద్దుగానే కనిపిస్తుంది. లోపల ఎముక పలచబడి, కాళ్ళు వంగుతాయి, ఒక్కోసారి సోఫా మీంచి దూకినా విరుగుతాయి.

మరి విశిష్టాద్వైతుల మాటేమిటి? గుళికల్లో అన్నీ ఉన్నాయి గనుక సగం గుళికలు, సగం మాంసం పెడితే సరిపోదా? నాకూ అలాగే తోచి, కాగితం మీద లెక్క వేశాను. నాలుగు కిలోల పిల్లకు ఈ వయసులో రోజుకు ఇంచుమించు 600 కేలరీలు కావాలి. అందులో సగం కోసం 250 గ్రాముల మెత్తని కోడిమాంసం, మిగతా సగానికి 80 గ్రాముల పైచిలుకు గుళికలు పెట్టామనుకుందాం. పిల్లల గుళికల్లో తడి పోగా కనీసం 1.2 శాతం కాల్షియం, 1 శాతం ఫాస్ఫరసు ఉండాలని అమెరికాలో పశ్వాహార నియంత్రణాధికారుల సంఘం పెట్టిన ప్రమాణం. ఆ కనీసం మాత్రమే ఉన్న గుళికలనుకుంటే, రెండూ కలిపిన భోజనంలో కాల్షియం సుమారు 925 మిల్లీగ్రాములు, ఫాస్ఫరసు 1250. ఒకటికి ఒకటి ఉండవలసింది ముప్పాతికకు పడిపోయింది! రెండు మంచి వస్తువులను కలిపినంత మాత్రాన మూడోది మంచిది కానక్కర లేదని ఇంత తేటగా నాకెప్పుడూ తెలియలేదు. పోనీ కాల్షియం బిళ్ళలు వేద్దామా అంటే, పెరిగే పిల్ల పేగు అదనపు కాల్షియాన్ని అడ్డుకోలేదు. ముఖ్యంగా పెద్దజాతి పిల్లల్లో అది మరో రకంగా ఎముకలను చెడగొడుతుంది. వైద్యుడు తూచి చెప్పనిదే వేసే వస్తువు కాదది.

పచ్చిదీ గుళికలూ వేర్వేరు వేగాలతో అరుగుతాయనీ, ఒకే పూట కలిపితే కడుపు పాడవుతుందనీ ఒక ప్రచారముంది. దీనికి గట్టి ఆధారమేదీ నాకు కనిపించలేదు. కొత్తది ఏదైనా వారం పది రోజుల మీద కొంచెం కొంచెంగా అలవాటు చేయాలన్నదే అందులో నిలిచే మాట.

ఇంతవరకూ సరమ ఎముకల సంగతి. ఇక మా అమ్మ సంగతి. ఆమెకు 76 ఏళ్ళు. కీళ్ళవాతానికి వాడే మందు రోగనిరోధక శక్తిని తగ్గించే రకం. పచ్చికోడిలో సాల్మొనెల్లా వంటి సూక్ష్మక్రిములుండడం అరుదు కాదు. ఫ్రీజరులో పెడితే అవి నిద్రపోతాయే గాని చావవు. తిన్న కుక్క ఆరోగ్యంగానే కనబడుతూ వాటిని మలంలో విసర్జించవచ్చు. అమెరికా పశువైద్య సంఘం 2012లో పచ్చిమాంసం పెట్టవద్దని హితవు చెప్పినప్పుడు కుక్కతో పాటు ఇంట్లోవాళ్ళనూ దృష్టిలో పెట్టుకునే చెప్పింది. సరమ మధ్యాహ్నమంతా అమ్మ మంచం పక్కన పడుకుంటుంది. లేచినప్పుడల్లా ఆమె చేయి నాకుతుంది. ఆ చేత్తోనే అమ్మ తన పెరుగన్నం కలుపుకుంటుంది. ఈ ఒక్క దృశ్యం ముందు నా దగ్గరున్న శాస్త్రచర్చలన్నీ వెలవెలబోయాయి.

కాబట్టి మా ఇంట్లో కుదిరిన సంధి షరతులివి. పిల్లల కోసం తయారైన గుళికలు రోజుకు 150 గ్రాములు, నాలుగు పూటలుగా, గోరువెచ్చని నీళ్ళలో కాస్త నానబెట్టి. కేలరీల్లో పదో వంతు, అంటే 60 మించకుండా, బయటి ఆహారం. ఆ పదో వంతులో ఒకరోజు చికెన్ కొట్టు నుంచి తెచ్చిన 50 గ్రాముల మాంసం, ఉప్పూ ఉల్లిపాయా లేకుండా ఉడికించి, ఎముక తీసి. మరుసటి రోజు నాలుగు చెంచాల పెరుగన్నం, అమ్మ చేతి మీదుగా. ఉడికిన ఎముక నిషిద్ధం; అది చీలికలై పేగులో గుచ్చుకుంటుంది. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్టు కూడా నిషిద్ధం. పాయసం గిన్నె నాకనివ్వకపోవడానికి కారణం అందులోని ఎండుద్రాక్షలే. వారానికోసారి తూకం. గుళికలు ముట్టినా సరే, అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. వాటిలోనూ అప్పుడప్పుడూ అదే క్రిమి బయటపడింది గనుక.

చికెన్ కొట్టు అబ్బాయికి ఈ సంధి ఏమీ నచ్చలేదు. "కుక్కకు ఉడకబెట్టి పెడతారా సార్?" అని నవ్వి, 50 గ్రాములు తూచడానికి తూకంరాయి లేదన్నాడు. పావుకిలో తెచ్చి, భాగాలు చేసి ఉడికించి దాచుకుంటున్నాం. అమ్మకు నాలుగు చెంచాలు మరీ అన్యాయంగా తోచింది. "కొలిచి పెట్టేదాన్ని పెట్టడమంటారుట్రా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆమె తరంలో పెట్టడమంటే చాలనేదాకా పెట్టడం. ఈ పిల్లకు చాలనడం ఇంకా రాదు. అందుకే దాని తరఫున మనం అనవలసి వస్తోంది. అయినా అమ్మ చెంచా నా చెంచా కంటె పెద్దదేమోనని నా అనుమానం. వారం వారం తూకం బాగానే ఉంది గనుక విచారణ జరపలేదు.

ఏడాది నిండాక ఎముకలు గట్టిపడతాయి; అప్పుడు గుళికల సంచీ మారుతుంది, పూటలు రెండవుతాయి, లెక్కలు మళ్ళీ వేసుకోవాలి. ఈలోగా మీ ఇళ్ళలో ద్వైతమో, అద్వైతమో, పెరుగన్నమో, ఏది నడుస్తోందో రాయండి. పచ్చిమాంసంతో పెంచినవారుంటే మరీ ముఖ్యంగా రాయండి. కాల్షియం లెక్క ఎలా సరిచూసుకున్నారో తెలుసుకోవాలని ఉంది.