మా ఆర్కెస్ట్రా మళ్ళీ ఎందుకు ఆగింది

"ప్రోగ్రాం ఎప్పుడు భాయ్?" పంజా సెంటర్‌లో చాయ్ తాగుతుంటే రోజుకి ఒకరైనా అడుగుతున్నారు. "ఇన్షా అల్లాహ్, త్వరలోనే" అంటున్నాను. ఆ మాట వెనక నా పిరికితనం ఎంత దాక్కుందో నాకూ తెలుసు, పైవాడికీ తెలుసు.

1991లో మొదలైంది మా ఆర్కెస్ట్రా. ఐదుగురం. తారాపేటలో ఒక మేడమీది గది. కీబోర్డు, గిటారు, తబలా, నా ఢోలక్, పాడే దోస్తు గొంతు. అంతే మా ఆస్తి. షాదీలు, ఉర్సులు, దసరా పందిళ్ళు, వినాయక చవితి, ఎక్కడ పిలిస్తే అక్కడికి వెళ్ళేవాళ్ళం. గుడివాడ వైపు ఘంటసాల పాట లేకుండా స్టేజీ దిగనిచ్చేవాళ్ళు కాదు. ఆయన పుట్టిన చౌటపల్లి ఆ దగ్గరే మరి. బందరులో తెల్లారేదాకా వాయించి, తొలి బస్సులో ఒకరి భుజం మీద ఒకరం వాలి నిద్రపోతూ వచ్చేవాళ్ళం.

1999లో పార్టీ విరిగింది. పాడేవాడికీ కీబోర్డువాడికీ మాటల్లేవు. పాతికేళ్ళుగా ఒకే మసీదులో జుమా నమాజు, వేరువేరు సఫ్‌లలో.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు సింగ్‌నగర్ మీద పడింది. కీబోర్డు దోస్తు ఇల్లు అక్కడే. ఇటు బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఊరంతా పరేషాన్. మూడో రోజు పాడే దోస్తు ఫోన్ చేశాడు. సలాం లేదు, కలాం లేదు. "వాడు ఖైరియత్‌గా ఉన్నాడా?" అన్నాడు. డాబా మీద ఉన్నాడని చెప్పగానే పెట్టేశాడు.

నీళ్ళు తీశాక వెళ్ళాను. బురదలోంచి తీసిన పాత కీబోర్డుని ఎండలో పెట్టి, మయ్యత్ పక్కన కూర్చున్నట్టు కూర్చున్నాడు వాడు. అప్పుడు పుట్టింది ఈ ఖయాల్. మళ్ళీ కలిసి మూడు రాత్రులు: బెజవాడ, గుడివాడ, బందరు. డెబ్బై దాటిన తబలా మామూ దానికి 'వరల్డ్ టూర్' అని పేరు పెట్టాడు. ఆ ఇద్దరూ ఒప్పుకున్నారు కూడా. షర్తు ఒక్కటే, ముందు అవతలివాడు మాఫీ అడగాలి.

అక్కడ ఆగింది.

పెద్దవాళ్ళకీ ఇది తప్పలేదు. ఇళయరాజా సినిమాల్లోకి రాకముందు బాలుగారి ట్రూపులో గిటారు, హార్మోనియం వాయించినవాడే. అన్న భాస్కర్, తమ్ముడు గంగై అమరన్ కూడా అందులోనే. అంత దోస్తీ. 2017 మార్చిలో బాలుగారు తన యాభై ఏళ్ళ పాట పేరిట అమెరికాలో టూర్ చేస్తుంటే, ఇళయరాజా తరఫున లాయర్ నోటీసు వెళ్ళింది, నా పాటలు ఇజాజత్ లేకుండా పాడొద్దని. బాలుగారు తగాదా పెంచలేదు. ఆ పాటలు పక్కన పెట్టి మిగతావారి పాటలతో టూర్ నడిపించారు.

టికెట్ పెట్టి స్టేజీ మీద పాడితే పాట చేసినవాళ్ళ హక్కు కింద లైసెన్సు తీసుకోవాలి. షాదీలో పాడితే కాపీరైట్ చట్టమే మినహాయింపు ఇచ్చింది. మా బతుకంతా షాదీలే కాబట్టి మాకు ఆ ఫికర్ తెలీదు. కానీ అసలు సవాలు మాదీ అదే. పాట ఎవరిది? కట్టినవాడిదా, గొంతు ఇచ్చినవాడిదా? మా వాళ్ళిద్దరూ ఎన్ని రాత్రులు దీనిమీద వాదించుకున్నారో.

2019 జూన్ 2న, చెన్నైలో ఇళయరాజా పుట్టినరోజు కచేరీలో ఇద్దరూ మళ్ళీ ఒకే స్టేజీ ఎక్కారు. మరుసటి ఏడాది బాలుగారు ఆస్పత్రిలో ఉంటే, లేచి రా బాలూ అని వీడియోలో పిలిచాడు రాజా. 2020 సెప్టెంబర్ 25న బాలుగారి ఇంతెఖాల్. కలిసి పాడాక మిగిలింది పదహారు నెలలు కూడా కాదు.

ఇప్పుడు నా సంగతి.

లెక్కల పుస్తకం నా దగ్గర ఉండేది. 1999 ఎండాకాలం, షాదీల సీజన్. గుంటూరు పార్టీ ఒకటి మా పాడేవాణ్ణి లాగుతోందని విన్నాను. వాడు పోతే పార్టీ పోతుందని భయపడి, ఎవరినీ అడక్కుండా ప్రోగ్రాంకి మూడొందలు వాడి పేర ఎక్కువ రాశాను. బక్షీసు అని చెప్పి చేతిలో పెట్టాను. కీబోర్డు దోస్తు పుస్తకం చూశాడు. "ఇదేంటి?" అన్నాడు.

"వాడే అడిగాడు, కాదనలేకపోయా" అన్నాను.

ఆ రాత్రి షామియానా కింద, అందరి ముందూ వాణ్ణి లాలచీ అన్నాడు. పాడే దోస్తు నా వైపు చూశాడు. నేను ఢోలక్ తాళ్ళు బిగిస్తున్నట్టు తల వంచుకున్నాను. వాడు మైకు కింద పెట్టి వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళలో ఎవరితోనూ నా పేరు చెప్పలేదు. వాడి ఇజ్జత్ పోయినా నాది కాపాడాడు.

మొన్న తబలా మామూ వేళ్ళు చూపించి, "ఇవి ఇంకో ఏడాది ఆగుతాయేమో బేటా" అన్నాడు. మాఫీ అడగాల్సింది ఆ ఇద్దరిలో ఎవరూ కాదు. ఇక్కడ రాయడం తేలిక. రేపు జుమా తర్వాత ఇద్దరినీ మసీదు మెట్ల దగ్గర ఆపుతాను. పాత లెక్కల పుస్తకం ఇంకా నా బీరువాలోనే ఉంది, తీసుకెళ్తాను. ఆ తర్వాత వాళ్ళు నాతో మాట్లాడకపోయినా సరే, ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకుంటే చాలు. ఢోలక్ వాయించేవాళ్ళు ఈ ఊళ్ళో చాలామంది ఉన్నారు.

ప్రోగ్రాం ఎప్పుడని అడిగేవాళ్ళకి ఇదీ జవాబు. దువా చేయండి.