కిలో దూది, కిలో ఇనుము

చిన్నప్పుడు అందరినీ ఏడిపించిన ప్రశ్నే. కిలో దూది బరువా, కిలో ఇనుము బరువా? ఇనుమే అని తొందరపడినవాణ్ని చూసి క్లాసంతా నవ్వేది. మా క్లాసులో ఆ తొందరపడినవాణ్ని నేనే. ఇన్నేళ్లకు తెలిసింది, నేనూ తప్పే, నవ్వినవాళ్లూ తప్పే. దూదే బరువు. కొరియర్ రసీదు మీద అచ్చేసి ఉంది.

మా మేనకోడలు తిమ్మాజిపేటలో ఉండి ఫోన్‌లోనే దుకాణం నడుపుతుంది. మురుకులు, గరిజెలు, పల్లీల పొడి, మామిడికాయ తొక్కు. మొన్న ఆదివారం వెళ్తే చాయ్ కంటే ముందు రసీదు చేతిలో పెట్టింది. "మామా, మురుకులు కిలోనే. మూడు కిలోల పైసలు గుంజిండు. వాని కాంటా కరాబైందా?"

కాంటా బాగానే ఉంది. మురుకులు విరగకూడదని పిల్ల పెద్ద పెట్టెలో పెట్టింది, తప్పంతా అదే. పొడవు 30 సెంటీమీటర్లు, వెడల్పు 25, ఎత్తు 20. మూడూ గుణించి 5000తో భాగిస్తే మూడు కిలోలు. అసలు బరువు, ఈ లెక్క బరువు, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే కిరాయి. విమానాల్లో సరుకు పంపేవాళ్లకు ఇది పాత అలవాటే, బరువు కంటే ముందు చోటు నిండిపోతుంది కాబట్టి. వాళ్లు మామూలుగా 6000తో భాగిస్తారు, మన కొరియర్లు చాలావరకు 5000తో. కిందున్న అంకె తగ్గేకొద్దీ మన మురుకులు బరువెక్కుతాయి. పాలమూరువాళ్లకు ఇది మరీ వింతేం కాదు. ఒలవని పల్లికాయ బండి నిండా కనబడుతుంది, బాదేపల్లి మార్కెట్‌లో కాంటా ఎక్కితే తేలిపోతుంది. కాకపోతే అక్కడ మనకు డబ్బిచ్చేది తూకానికి. ఇక్కడ మన దగ్గర పుచ్చుకునేది చోటుకు.

ఒక్క వస్తువైతే ఏదోలా సర్దుకోవచ్చు. మూడు నాలుగు కలిపి అడిగితేనే తల తిరుగుతుంది. మొదట్లో ఆమె ప్రతి వస్తువుకూ విడిగా పంపే ఖర్చు పెట్టింది. మూడు కొన్నవాళ్లకు కిరాయి మూడుసార్లు పడి, సరుకు అక్కడే వదిలేసి పోయారు. సరే, ఎన్ని కొన్నా ఒక్కసారే అంది. ఈసారి తనకు చేతి చమురు వదిలింది. నిజం ఈ రెండిటి మధ్యలో ఉంది. కొరియర్‌కు మొదటి అరకిలో ఖరీదు, ఆపైన ఒక్కో అరకిలో కాస్త చవక. ఇంటికొచ్చి తీసుకుపోవడం, అక్కడ మెట్లెక్కి ఇవ్వడం పొట్లం ఒకటైనా మూడైనా ఒకటే పని మరి. అందుకని బరువులన్నీ కూడి ఒకే లెక్క కట్టాలి.

కూడాం. 480 గ్రాముల పొట్లాలు మూడు, మొత్తం 1440. కిలోన్నర లోపే కదా అని పిల్ల సంతోషపడింది. అట్టపెట్టె, లోపల కుక్కిన కాగితాలు, చుట్టిన టేపు కలిపి మరో 180. అయింది 1620. రెండు కిలోల కిరాయి, దాని మీద 18 శాతం జీఎస్టీ. పెట్టె కొన్నదీ తనే, ఆ పెట్టెను మోసినందుకు కూలి ఇచ్చిందీ తనే.

ఇంకా తమాషా గిన్నెలది. నేనొకసారి ఆన్‌లైన్‌లో ఐదు గంజులు చూశాను. ఒకదాంట్లో ఒకటి ఒదిగేవి. మిషన్ మాత్రం ఐదింటినీ పక్కపక్కన పేర్చినట్టు కొలతలు కూడి, గంజుల ఖరీదును మించిన కిరాయి చెప్పింది. చిన్న గంజు పెద్ద గంజులో కూర్చుంటుందని దానికెవరూ చెప్పలేదు. ఏ వస్తువు ఏ పెట్టెలో ఎలా పెడితే తక్కువ పెట్టెల్లో సరిపోతుందన్నది గణితంలో పేరుమోసిన చిక్కు లెక్క. వస్తువులు పెరిగేకొద్దీ అన్నిటికన్నా మంచి సర్దుబాటు చప్పున తేల్చే ఉపాయం ఇంతవరకూ దొరకలేదు. పెద్దవి ముందు పెట్టు, చిన్నవి సందుల్లో దూర్చు అన్నదే చేతనైన కిటుకు.

ఆ కిటుకు మా అమ్మకు ఎవరు చెప్పారో. నేను పాలమూరు హాస్టల్‌కు పోయే రోజు ముందుగా సంచి అడుగున గంజు దిగేది. గంజులో జొన్నలు, జొన్నల్లో కోడిగుడ్లు. ఒక్కటీ పగిలేది కాదు. గంజు చుట్టూ మిగిలిన సందుల్లో మడత పెట్టిన లాగులు, లాగు జేబుల్లో బెల్లం ముక్కలు. తొక్కు సీసా మూతికి గుడ్డ కట్టి, నిలబెట్టి, రెండు పక్కలా పుస్తకాలు ఆనించేది. సంచి మూతి కట్టాక ఊపి చూసేది. లోపల చప్పుడైతే మళ్లీ విప్పేది.

జడ్చర్ల బస్సులో కండక్టర్ ఆ సంచిని కాలితో ఒక్క తోపు తోసేవాడు. అదే అతని కాంటా. జరగకపోతే లగేజీ టికెట్. ఆ సంచి ఎన్నడూ జరగలేదు. చేత్తో కాకుండా కాలితో తోశాడన్న కోపం నాకిప్పటికీ పోలేదు, లోపల నా పుస్తకాలుండేవి.

అసలు సంగతి తిరుగు ప్రయాణంలో. సెలవులకు అదే సంచి, అదే గంజు, అదే సీసా. గుడ్లు లేవు, జొన్నలు లేవు, బెల్లం లేదు. అన్నీ ఖాళీ. ఎంత కుక్కినా మూతి పడేది కాదు. సీసాను చంకలో పెట్టుకుని ఊళ్లో దిగేవాణ్ని.