కదలకు అని ఎవరు చెప్తారు?

పోయినేడాది సెకండ్ సెమ్ ఇంటర్నల్స్ మధ్యలో అక్క ఫోన్ చేసింది. ఐదో నెల టిఫా స్కాన్‌లో బిడ్డ మెదడులో నీళ్లుండే గదులు కాస్త పెద్దగా కనిపించాయట. 10 మిల్లీమీటర్లు దాటకూడదు, 11 ఉన్నాయి. "ఎమ్మారై తీయిస్తే ఇంకా బాగా తెలుస్తుంది" అన్నారట డాక్టరమ్మ.

మా పక్క టౌన్లో ఎమ్మారై మిషన్ ఉంది. మోకాళ్లకీ నడుముకీ తీస్తారు. కడుపులో బిడ్డకి మాత్రం తీయరు, విశాఖ వెళ్లమన్నారు. అద్దె కారు, బావకి రెండ్రోజుల జీతం పోవడం, తోడుగా అమ్మా నేనూ.

దారిలో అమ్మ అడిగింది: "రేడియేషన్ కదరా, బిడ్డకేం కాదా?" నేను గొప్పగా "నాన్ అయొనైజింగ్ అమ్మా" అన్నాను. అమ్మ నా మొహం చూసింది. చిన్నప్పట్నుంచీ ఇంగ్లీష్ మీడియం, రిపోర్టంతా చదవగలను గానీ అమ్మకి చెప్పలేకపోయా. కాసేపు ఆలోచించి, "ఎక్స్‌రే కాదమ్మా, పెద్ద అయస్కాంతం. రంగు మందు కూడా ఎక్కించరు" అన్నా. అప్పుడు కొంచెం కుదుటపడింది.

అక్క ఎడమవైపు తిరిగి పడుకుంది. లోపల ఒకటే ధనధనమని మోత. మోకాలైతే కదలకుండా ఉంచొచ్చు, బిడ్డకి ఎవరు చెప్తారు? అందుకే ఒక్కో స్లైస్‌ని సుమారు ఒక్క సెకనులో తీసేస్తారు. బిడ్డ తిరిగితే మళ్లీ మొదలు. అలా వంకరటింకరగా వచ్చిన స్లైసుల్ని సాఫ్ట్‌వేర్‌తో సరిచేసి, ఒక త్రీడీ బొమ్మగా అతికించవచ్చని తర్వాత చదివా. అది మన బ్రాంచ్ వాళ్ల పనే! లండన్ కింగ్స్ కాలేజీలో 0.55 టెస్లా మిషన్‌తో గర్భిణులకి స్కాన్లు చేసి చూస్తున్నారు. మామూలువి 1.5 లేదా 3 టెస్లా. బలం తక్కువ కాబట్టి బొమ్మ కాస్త మసక, కానీ ఖర్చు తగ్గుతుంది, సొరంగం వెడల్పుగా ఉంటుంది. ఆ మసకని తగ్గించడం కూడా కోడ్ పనే. అయితే ఆ బొమ్మని చదవగలిగే రేడియాలజిస్టు కూడా కావాలి. మా పక్క టౌన్లో లేనిది అదే.

రిపోర్టు మూడోరోజు వచ్చింది. మెదడు మిగతాదంతా బాగానే ఉంది, గదులు మాత్రమే కాస్త పెద్దవి. ఇప్పుడు మేనల్లుడు నా ల్యాప్‌టాప్ కీలు పీకే పనిలో ఉన్నాడు.

అదే వారం అదే స్కానింగ్ సెంటర్లో ఇంకొకామెకీ ఎమ్మారై రాశారట. తీసుకెళ్లేవాళ్లు లేక ఆవిడ వెళ్లలేదని అక్క చెప్పింది. తర్వాత ఏమైందో మాకు తెలీదు. మినీ ప్రాజెక్ట్ టాపిక్ కోసం వెతికినప్పుడల్లా నాకు ఆవిడే గుర్తొస్తుంది.