పట్టుబడని మనిషి

అపరాధ పరిశోధక నవల అనగానే మా తరం వారికి ముందుగా స్ఫురించేది కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్. అద్దె పుస్తకాల దుకాణం నుండి తెచ్చుకొని, పాఠ్యపుస్తకాల మధ్య దాచుకొని చదివిన ఆ నవలల్లో ఒక భరోసా ఉండేది. నేరస్థుడు ఎంతటి మేధావి అయినా చివరి పుటల్లో యుగంధర్ చేతికి చిక్కక తప్పదు. ఆ భరోసాతో పెరిగిన పాఠకుడిని పాట్రీషియా హైస్మిత్ సృష్టించిన టామ్ రిప్లీ పెట్టే ఇబ్బంది ఇంతా అంతా కాదు.

హైస్మిత్ 1921లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో జన్మించి, 1995లో స్విట్జర్లాండులో కన్నుమూశారు. రిప్లీ ప్రధాన పాత్రగా ఆమె వ్రాసిన నవలలు 5. మొదటిది 1955లో, చివరిది 1991లో వెలువడ్డాయి. అంటే ఒక హంతకుడితో 36 సంవత్సరాల సహవాసం!

మొదటి నవలలో రిప్లీ న్యూయార్కులో చిల్లర మోసాలతో కాలం గడిపే యువకుడు. ఆదాయపు పన్ను అధికారినని నమ్మించి అమాయకుల నుండి చెక్కులు రాబడతాడు. వాటిని మార్చుకోలేనని తెలిసీ మానడు. ఓడల నిర్మాణ సంస్థ యజమాని ఒకరు, ఇటలీలో స్థిరపడిన తన కుమారుడు డిక్కీని నచ్చజెప్పి తీసుకురమ్మని ఇతడిని పంపుతాడు. రిప్లీ ఆ కుమారుడిని పడవలో తెడ్డుతో కొట్టి చంపి, అతని దుస్తులు, సంతకం, చివరకు ఆస్తి కూడా తనవి చేసుకుంటాడు. 1960లో రెనే క్లెమాఁ దీనిని ఫ్రెంచిలో చిత్రంగా తీసినప్పుడు, చివరలో శవం బయటపడేటట్లు కథ మార్చారు. నవలలో అటువంటి ఊరట లేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టినది 1970 నాటి రెండవ నవల. ఇందులో రిప్లీ ఫ్రాన్సులో సంపన్నురాలైన భార్యతో, తోటతో, సంగీతంతో కాలక్షేపం చేసే పెద్దమనిషి. డెర్వాట్ అనే చిత్రకారుడు మరణించిన సంగతి దాచి, ఆయన పేరిట నకిలీ చిత్రాలు అమ్మే వ్యాపారంలో అతడికి వాటా ఉంది. మర్చిసన్ అనే అమెరికన్ తన వద్ద ఉన్న చిత్రంలోని ఊదా రంగును చూసి అనుమానిస్తాడు. ఒకప్పుడు కోబాల్టు రంగును నేరుగా వాడిన డెర్వాట్, తరువాత ఎరుపు, నీలం కలిపి ఆ ఛాయ సాధించాడు. అటువంటివాడు మళ్ళీ పాత పద్ధతికి ఎందుకు పోతాడన్నది మర్చిసన్ తర్కం.

ముప్పై సంవత్సరాలుగా నాణ్యతా తనిఖీ విభాగంలో పనిచేస్తున్న నాకు ఈ తర్కం ఎంతో ఆత్మీయమైనది. ఒకసారి ఒక సరఫరాదారు పంపిన ఉక్కు పరీక్షా పత్రాలలో, వేర్వేరు హీట్ నంబర్లకు కార్బన్, మాంగనీసు శాతాలు మూడవ దశాంశ స్థానం వరకు ఒక్కటిగానే కనిపించాయి. కొలిమి అంత విధేయంగా నడవదు. పత్రాలను పక్కనపెట్టి నమూనాలు మా ప్రయోగశాలకు పంపితే అసలు సంగతి తేలింది. ఆ సంస్థ ప్రతినిధి ఎంతో మర్యాదస్థుడు. ఎదురుగా కూర్చొని నా ఆరోగ్యం గురించి, పిల్లల చదువుల గురించి విచారించాడు. ఆ ఉక్కు పీడన పాత్రలకు ఉద్దేశించినదని ఇద్దరికీ తెలుసు.

అంటే వృత్తిరీత్యా నేను మర్చిసన్ పక్షం. అయినా రిప్లీ ఇంటి నేలమాళిగలో ఆయన తన అనుమానాన్ని ఓపికగా వివరిస్తుంటే, "ఇక ఊరుకోవయ్యా, ఇంటికి వెళ్ళిపో" అని నా మనసు మొరపెట్టింది. ఆయన ప్రాణం మీద దయతో కాదు, రిప్లీ గుట్టు దాగాలని! రిప్లీ సారాయి సీసాతో ఆయనను కొట్టి చంపాడు. ఆ పుట దగ్గర పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. 2024లో వచ్చిన 8 భాగాల నలుపు-తెలుపు ధారావాహిక చూస్తున్న మా అమ్మాయి, "నాన్నగారూ, ఇంతకీ వాడు పట్టుబడాలని ఉందా మీకు, లేదా?" అని నిలదీసింది. పగలు ఉంటుంది, రాత్రి చదివేటప్పుడు ఉండదు అన్నాను. నవ్వింది కాని, అదే నిజం.

1974 నాటి మూడవ నవలలో రచయిత్రి ఇంకొక మలుపు తిప్పారు. రక్త క్యాన్సరుతో బాధపడుతూ పటాలు కట్టుకొని బ్రతికే ట్రెవానీ ఒక విందులో రిప్లీతో "మీ గురించి విన్నాను" అని కాస్త ఎకసెక్కంగా అంటాడు. అంతే. జబ్బు ముదిరిందన్న పుకారు పుట్టించి, కుటుంబానికి డబ్బు మిగులుతుందన్న ఆశ చూపి అతడిని కిరాయి హత్యలకు దింపడానికి ఆ ఒక్క మాట చాలింది. తీరా రైలులో ఆ పేదవాడు చేయలేని హత్యను చేయడానికి రిప్లీ తానే వచ్చి నిలుస్తాడు! జాలి, క్రౌర్యం ఒకే చేతిలో ఇంత సహజంగా ఇమడడం నేను మరెక్కడా చదవలేదు. ట్రెవానీ మరణించాక అతని భార్య రిప్లీ మీద ఉమ్ముతుంది. డబ్బు మాత్రం ఉంచుకుంటుంది.

1980 నాటి నాలుగవ నవలలో, తండ్రిని కొండ అంచు నుండి తోసి చంపిన పదహారేళ్ళ కుర్రవాడికి రిప్లీ ఆశ్రయమిస్తాడు. నేరాన్ని మోస్తూ తాను హాయిగా బ్రతుకుతున్నట్లే అతడినీ బ్రతికించాలని చూస్తాడు, సాధ్యం కాదు. ఐదవది నా దృష్టిలో కొంత సాగదీసిన రచన. అయితే అందులో ఒకడు పట్టుదలగా కాలువలు గాలించి, మర్చిసన్ ఎముకలను వెలికి తీస్తాడు. చేసింది పరిశోధకుడు కాదు, రిప్లీని వేధించడమే వినోదంగా పెట్టుకున్న ఒక ఉన్మాది. ఎముకలతో పాటు దొరికిన ఉంగరాన్ని రిప్లీ చివరకు నదిలోకి విసిరివేస్తాడు.