ఆరేసిన బట్టల ఓడ

కొవెంట్రీ కెథీడ్రల్‌లో లోపలికి నడుస్తున్నంతసేపూ పక్క గోడల్లో కిటికీలు ఉన్నట్టే తెలీదు. గోడలు రంపప్పళ్ళలా మడతలు పడి ఉంటాయి. రంగుటద్దాల కిటికీలన్నీ బలిపీఠం వైపుకి తిరిగి ఉంటాయి. వెలుగు పడుతూంటుంది, ఎక్కణ్ణుంచో తెలీదు. చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగామా, రెండు వైపులా రంగులన్నీ ఒక్కసారిగా కనపడతాయి. ఆన్‌సైట్ పని మీద బర్మింగ్‌హామ్‌లో ఉన్న రెండేళ్ళలో నేను అక్కడికి నాలుగుసార్లు వెళ్ళాను. భక్తితో కాదు. మనిషి ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ తల తిప్పుతాడో ఇంత ఓపిగ్గా ఊహించినవాడు ఎవరా అన్న కుతూహలంతో.

ఆయన పేరు బేసిల్ స్పెన్స్. స్కాట్లండ్ కుటుంబం, పుట్టింది మాత్రం 1907లో మన బొంబాయిలో. చదువు కోసం ఎడిన్‌బరో పంపించారు. కుర్రాడిగా లండన్‌లో లుట్యెన్స్ ఆఫీసులో పనిచేశాడు. అప్పుడక్కడ న్యూఢిల్లీ వైస్రాయ్ భవనం పని నడుస్తోంది, ఇప్పుడు మనం రాష్ట్రపతి భవన్ అంటున్నదే. రెండో ప్రపంచయుద్ధంలో ఆయన ఉద్యోగం శత్రువు కంటపడకుండా మనుషుల్నీ సామగ్రినీ దాచడం. 1944లో నార్మండీలో, గంటగోపురంలో దాక్కున్న స్నైపర్ల కోసం ట్యాంకులు పాత చర్చిని పేల్చేయడం కళ్ళారా చూశాడు. ఆ రాత్రి ఒక స్నేహితుడు నీ కోరిక ఏమిటని అడిగితే, మన కాలపు కెథీడ్రల్ ఒకటి కట్టాలన్నాడట. ఇది ఆయన తర్వాత రోజుల్లో చెప్పుకున్న కథే. జ్ఞాపకం కాస్త మెరుగులు దిద్దుకుని ఉండొచ్చు, అయినా నాకు నమ్మాలనే ఉంటుంది.

కొవెంట్రీ పాత కెథీడ్రల్ 1940 నవంబర్ 14 రాత్రి జర్మన్ బాంబులకి తగలబడింది. బయటి గోడలూ శిఖరమూ మిగిలాయి. కొత్తదాని కోసం పెట్టిన పోటీకి 219 డిజైన్లు వచ్చాయి, 1951లో స్పెన్స్ గెలిచాడు. కాలిన గోడల్ని కూల్చకుండా అలాగే ఉంచి, పక్కనే కొత్తది కట్టాలన్నది ఆయన ఆలోచన. చర్చిలో బలిపీఠం తూర్పున ఉండటం ఆనవాయితీ. ఇక్కడ స్థలం కుదరక ఉత్తరానికి తిప్పాడు. పాతదానికి ఎదురుగా పెద్ద అద్దపు గోడ పెట్టాడు. దాని మీద జాన్ హటన్ చెక్కిన దేవదూతలు, వాళ్ళ ఒంటి గుండా అవతల శిథిలాలు. మా వృత్తిలో పాత సిస్టమ్ చేతికి రాగానే మొదటి మీటింగ్‌లోనే తీసిపారేద్దాం అంటాం. ఆ పాతదానికి ముఖం తిప్పి కొత్తది కట్టడం ఎలా ఉంటుందో అక్కడ నిలబడితే అర్థమవుతుంది.

డిజైన్ బయటికొచ్చినప్పుడు జనం తిడుతూ ఉత్తరాలు రాశారు. 1962 మేలో తలుపులు తెరిచాక మాత్రం క్యూలు కట్టారు. అప్పటికే ఆయన సర్ బేసిల్. ఆ తర్వాత పనికి కొదవ లేదు: లండన్‌లో స్విస్ కాటేజ్ లైబ్రరీ, ససెక్స్ యూనివర్సిటీ, న్యూజిలాండ్ ప్రభుత్వానికి వెల్లింగ్టన్‌లో తేనెపట్టు ఆకారంలో భవనం, హైడ్ పార్క్ అంచున లండన్‌వాళ్ళకి ఇప్పటికీ కంట్లో నలుసులాంటి సైనికుల బ్యారక్స్ టవర్. ఇవన్నీ ఒక ఎత్తు.

గ్లాస్గోలో గోర్బల్స్ అనే పేట. ఇరుకు గదులు, పేదరికం. అవి పడగొట్టి, హచెసన్‌టౌన్ సి అనే పేరుతో స్పెన్స్ ఇరవై అంతస్తుల కాంక్రీట్ బ్లాకులు కట్టాడు, 1965 నాటికి పూర్తయ్యాయి. పెద్ద పెద్ద బాల్కనీలు, గోర్బల్స్ వేలాడే తోటలని పేరు. మంగళవారం అందరూ బట్టలు ఆరేస్తే ఈ భవనం తెరచాపలు ఎత్తిన ఓడలా ఉంటుందని ఆయన మురిసిపోయాడు.

అందమైన పోలికే. కాకపోతే ఓడని చూసేది ఒడ్డున ఉన్నవాళ్ళు. గ్లాస్గోలో వాన ఎప్పుడు ఆగుతుందో ఎవరికీ తెలీదు. బాల్కనీలో తడిబట్టలు పట్టుకుని నిలబడ్డ మనిషికి ఓడ కనపడదు. ఆ ఇళ్ళలో చెమ్మ పట్టింది, పురుగులు చేరాయి.

ఈ మాట ఇంత ధీమాగా అనడానికి నాకో కారణం ఉంది. బర్మింగ్‌హామ్‌లో మేం అద్దెకున్న ఫ్లాట్‌లో డిసెంబర్‌కల్లా పడగ్గది గోడ మూల నల్లగా బూజు పట్టింది. అప్పుడు మా పాపకి మూడేళ్ళు. రాత్రంతా దగ్గేది. ఇంటి ఏజెంట్ వచ్చి చూసి, మీ వంట ఎక్కువండీ, కిటికీలు తెరిచిపెట్టుకోండి అన్నాడు. బయట రెండు డిగ్రీలు. మా ఆవిడ పప్పు వండటం మానేయాలా అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. ఫొటోల్లో ఆ ఫ్లాట్ చాలా బావుంటుంది, ఇప్పటికీ.

తప్పంతా స్పెన్స్‌దే అనను. ఇళ్ళు గబగబా కావాలని తొందరపెట్టినవాళ్ళున్నారు, కట్టాక పట్టించుకోనివాళ్ళున్నారు. అయినా ఒక తేడా నన్ను వదలదు. కొవెంట్రీలో ఆయన నడిచే మనిషి కళ్ళతో గీశాడు, గోర్బల్స్‌లో ఎదురు రోడ్డు మీంచి చూస్తూ గీశాడు. కెథీడ్రల్‌కి వెళ్ళినవాళ్ళం గంటలో బయటికొచ్చేస్తాం. ఇంట్లో ఉన్నవాళ్ళు ఎక్కడికెళ్తారు?

1976లో ఆయన పోయాడు. 1993లో ఆ బ్లాకుల్ని పేలుడు పదార్థాలు పెట్టి కూల్చారు. చూడటానికి జనం గుమిగూడారు. ఎగిరొచ్చిన శిథిలం తగిలి వాళ్ళలో ఒకావిడ చనిపోయింది.

కొవెంట్రీ శివార్లలో, యుద్ధం తర్వాత లేచిన కాలనీల్లో, ఆయనే కట్టిన చిన్న చర్చిలు మూడున్నాయి. డబ్బు తక్కువ. అప్పట్లో ఇళ్ళకి వాడే చవక కాంక్రీట్‌తోనే గోడలు లేపారు. గంటగోపురం విడిగా, పక్కన నిలబెట్టారు. టైల్ హిల్‌లో ఉన్నదాన్ని ఒక శనివారం వెతుక్కుంటూ వెళ్ళాను. తలుపు తాళం వేసుంది. అద్దంలోంచి తొంగిచూస్తే లోపల ఖాళీ గోడలు, వరసగా కుర్చీలు. పాప తనకీ చూపించమంటే ఎత్తుకున్నాను. ఇది ఎవరిల్లు నాన్నా అనడిగింది.