ట్రాపర్స్ సానగది

స్కేటు చేతికి రాగానే చక్రం మీద పెట్టకు. ముందు దాన్ని తిరగేసి, దీపం కింద బ్లేడు పొడవునా చూడు. అంచు ఎక్కడైనా చుక్కలా మెరిస్తే అక్కడ పదును పోయిందన్నమాట. గోలు స్తంభానికి తగిలి ఉంటుంది, లేదా ఎవరి బ్లేడో మీదుగా పోయి ఉంటుంది. తరవాత బొటనవేలి గోరును అంచుకు అడ్డంగా గీసి చూడు. పదునుంటే గోటి పొర తెల్లగా లేచి వస్తుంది, లేకపోతే గోరు జారిపోతుంది. నెదర్లాండ్స్ ఐస్ హాకీ క్లబ్బు టిల్‌బుర్గ్ ట్రాపర్స్ కుర్రాళ్ల స్కేట్లకు ఏళ్ల తరబడి సాన పడుతున్నాను. ఇప్పటికీ ముందు గోటినే అడుగుతాను, తరవాతే పరికరాల్ని.

బ్లేడు మందం దాదాపు 3 మిల్లీమీటర్లు. దాని అడుగున పొడవునా గాడి తీస్తాం, అప్పుడు ఇటొకటి అటొకటి రెండు అంచులు మిగులుతాయి. ఆటగాడు నిలబడేది, మలుపు తిరిగేది, ఆగేది వాటి మీదే. గాడిని వ్యాసార్ధంతో చెబుతాం. అర అంగుళం మామూలు. అంకె తగ్గేకొద్దీ గాడి లోతవుతుంది, అంచు ఐసును గట్టిగా పడుతుంది. పెరిగేకొద్దీ పట్టు తగ్గి జారుడు పెరుగుతుంది. ఆ వంపును ముందు సానచక్రానికే వజ్రపు మొనతో దిద్దాలి. దిద్దడంలో తేడా వస్తే ఆ తరవాత నీ చెయ్యి ఎంత నిలకడగా ఉన్నా లాభం లేదు. సాన అయ్యాక అంచు మీద నిలిచే ముళ్లలాంటి బర్‌ని చేతిరాయితో తీసెయ్. చిన్న ఉక్కు కడ్డీని బ్లేడు మీద అడ్డంగా ఆనించి, రెండు అంచులూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూడు. ఒకటి పైకి, ఒకటి కిందకి ఉంటే ఆటగాడు ఒక వైపు బాగా తిరుగుతాడు, రెండో వైపు పడతాడు. అతను తన కాలిని తిట్టుకుంటాడు గానీ తప్పు సానది.

నాకు ఈ పని నేర్పిన పెద్దాయన 1971 నుంచి 1976 దాకా ట్రాపర్స్ వరుసగా ఆరుసార్లు డచ్ చాంపియన్లయిన రోజులు చూసినవాడు. క్లబ్బు 1938లో పుట్టింది, కానీ ఆయన దృష్టిలో చరిత్ర మొదలైంది ఆ ఆరేళ్లతోనే. తరవాత 1977 నుంచి 1983 దాకా ఏడేళ్లూ టైటిల్ ఉత్తరాన ఫ్రీస్‌లాండ్‌కి, హేరెన్‌వేన్ ఫ్లయర్స్‌కి వెళ్లిపోయింది. ఆయన దానికి ముఖం చిట్లించుకోలేదు. ఫ్లయర్స్ ఆడటానికి వస్తే వాళ్ల అడుగులు చూస్తూ కూర్చునేవాడట. ఆ రోజుల్లో మన దేశంలో ఆడినవాళ్లలో కెనడాలో పుట్టిన డచ్ సంతతి కుర్రాళ్లు చాలామంది. అక్కడి రింకు వెడల్పు 26 మీటర్లు, యూరప్‌లో 30. ఇరుకు రింకులో పెరిగినవాడు చటుక్కున తిరుగుతాడు, చటుక్కున ఆగుతాడు. అందుకే వాళ్లకు ఎక్కువ పట్టు కావాలి. అడ్రసు చూసి కాదు, అడుగు చూసి గాడి ఎంచమని ఆయన నాకు నేర్పింది అక్కడి నుంచే. 1980లో లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌కి వెళ్లింది అలాంటి కుర్రాళ్లున్న జట్టే. ఐస్ హాకీలో నెదర్లాండ్స్ ఒలింపిక్స్ ఆడింది ఆ ఒక్కసారే. సోవియట్ జట్టు 17–4తో ఓడించింది, జపాన్‌తో 3–3 సమమైంది, పోలండ్‌ని మనవాళ్లు 5–3తో గెలిచారు. ఆ పోలండ్ మ్యాచ్ గురించి ఆయన చెబుతుంటే చక్రం ఆపి వినేవాణ్ని.

అడుగు చూసి గాడి ఎంచాలన్న ఆ మాట మీద నాకు నమ్మకం కుదిరింది ఒక బరువైన డిఫెన్స్‌మన్ వల్ల. మూడో పీరియడ్ వచ్చేసరికి అతని తొడలు పట్టేసేవి. ఫిట్‌నెస్ లేదని అందరూ అన్నారు. నేను మాత్రం అతను బయలుదేరే ప్రతిసారీ ఐసులోంచి కాలు పీక్కుంటున్నట్టు చూశాను. పట్టు ఎక్కువైంది. అతనికి చెప్పి, ఒప్పించి, వారాల మీద కొద్దికొద్దిగా గాడి లోతు తగ్గించాను. ఒక్కసారే తగ్గిస్తే మనిషి భయపడతాడు. చివరికి 5/8 అంగుళం దగ్గర కుదురుకున్నాడు. ఆఖరి నిమిషాల్లోనూ వెనక్కి స్కేటింగ్ చేస్తూ నిలిచాడు. ఆ రాత్రి పెద్దాయనకి ఫోన్ చేశాను. ఆయన మెచ్చుకోలేదు, గాడి ఎంతకు తెచ్చావని మాత్రం అడిగాడు.

గోల్‌కీపర్ సంగతి వేరు. అతను ముందుకు పరుగెత్తడం తక్కువ, పక్కలకు జారడం ఎక్కువ. నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చిన ఒక కుర్రాడు వింగర్‌కి దిద్దిన చక్రం మీదే గోలీ స్కేట్లు కూడా పట్టేశాడు. వార్మప్‌లో గోలీ కుడివైపు నెట్టుకుంటే కాలు కదల్లేదు, మనిషి మాత్రం కదిలాడు. క్రాస్ గ్రైండ్ చేసి, అంటే చక్రాన్ని బ్లేడుకు అడ్డంగా ఆడించి పాత గాడిని చెరిపేసి, మళ్లీ మొదటి నుంచి పట్టాం. ఆ తరవాత ఆ కుర్రాడు చక్రం దిద్దిన ప్రతిసారీ కొలతను పలక మీద రాశాడు. నువ్వూ రాయి.

2015లో క్లబ్బు డచ్ లీగు వదిలి జర్మనీ ఓబర్‌లీగాలోకి వెళ్లాక పని రెట్టింపైంది. శుక్రవారం ఒక మ్యాచ్, ఆదివారం ఒకటి. హెర్నె దగ్గరే, రోస్టాక్‌కి మాత్రం 600 కిలోమీటర్ల పైమాటే. హాకీ ఐసు మైనస్ 5 డిగ్రీల దగ్గర ఉంటే మంచిది, కానీ హాలు హాలుకీ ఐసు మారుతుంది. జనం కిక్కిరిసి వేడెక్కిన హాల్లో ఐసు మెత్తబడుతుంది, లోతు గాడి అందులో దిగబడిపోతుంది. గట్టి ఐసు మీద లోతు తక్కువైతే కాలు నిలవదు. అందుకే ప్రతివాడికీ రెండు మూడు జతల బ్లేడ్లు సాన పట్టి తీసుకెళ్తాం. ఇప్పుడు మీట నొక్కితే బ్లేడు ఊడి వస్తుంది, బెంచి మీదే మార్చేయొచ్చు. పెద్దాయన కాలంలో అయితే స్కేటు మొత్తం విప్పాల్సిందే.

బో సుబ్ర్ కోచ్‌గా ఉండగా 2016, 2017, 2018లో వరుసగా మూడుసార్లు ఓబర్‌లీగా గెలిచాం. విదేశీ క్లబ్బు కాబట్టి పై లీగుకి వెళ్లే దారి మనకు మూసి ఉంది. అది తెలిసే, ఎక్కే మెట్టు లేని టైటిల్ కోసం కుర్రాళ్లు మూడేళ్లు అలా ఆడారు. నేను చూసిన హాకీలో దీనికంటే గొప్పది లేదు.

సరే, ఆ మూలనున్న పెట్టెలు తెరువు. జూనియర్ల కొత్త స్కేట్లు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే బ్లేడుకు పదునుండదు, మొదటి సాన మనదే. పిల్లలకు లోతు గాడి వద్దు, ఆగబోయి ముందుకు పడతారు. మడమ దగ్గరా బొటనవేలి దగ్గరా నొక్కి పట్టకు. నొక్కితే రాకర్, అంటే బ్లేడు పొడవాటి వంపు, అరిగిపోతుంది. పోయిన రాకర్‌ని తిరిగి తేవడం నాక్కూడా కష్టం. చక్రం నేను దిద్దుతాను, అన్నిటికంటే చిన్న సైజుతో నువ్వు మొదలుపెట్టు.